అడవి ఫెలనాప్సిస్‌లు: జాతిని పోల్చుకుని, దాని తీరున పెంచడం ఎలా

పూలతో సహా అమ్మే ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌లు దాదాపు అన్నీ సంకరాలే. కిటికీ పక్క వెలుగు, వారానికోసారి నీళ్ళు, బెరడు ముక్కల కుండీ ఉంటే చాలు, పూస్తాయి. అలా సర్దుకుపోయే మొక్కల్నే తరతరాలుగా ఏరుకుంటూ వచ్చారు గనక వాటికి ఆ గుణం అబ్బింది. అడవి జాతులకు అది లేదు. ఈ ప్రజాతిలో సుమారు 70 జాతులున్నాయి. భారతదేశం, శ్రీలంక, హిమాలయ పాదాల నుంచి దక్షిణ చైనా, తైవాన్, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా మీదుగా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ దాకా పరుచుకున్నాయి. బోర్నియో లోతట్టు అడవిలో పుట్టిన మొక్క ఏడాదిలో ఒక్క నెల కూడా పొడి చూడదు. చైనా నైరుతి కొండల్లో పుట్టినది చలికాలమంతా ఆకులు రాల్చుకుని వేళ్ళతోనే బతుకుతుంది. ఈ రెంటినీ ఒకే బల్ల మీద పెట్టి ఒకే రోజున నీళ్ళు పోస్తే ఏదో ఒకటి పోతుంది. అందుకే ముందు గుంపు తేల్చుకోవాలి. కుండీ, ఎరువు సంగతి ఆ తర్వాతే.

గుంపు తేల్చుకోవడం

శాస్త్రజ్ఞులు చేసిన విభజన ఇంతకన్నా సూక్ష్మంగా ఉంటుంది. పెంచేవాళ్ళకు మాత్రం నాలుగు గుంపులు చాలు. పువ్వు లేకపోయినా ఆకు, వేరు, పాత పూల కాడ చూసి చాలావరకు పోల్చుకోవచ్చు.

మొదటిది వెడల్పు రేకుల గుంపు. పువ్వులో లోపలి రెండు రేకులు బయటి మూడింటికన్నా బాగా వెడల్పు. పూల కాడ వంపు తిరిగి, పూలన్నీ ఇంచుమించు ఒకేసారి విచ్చుకుంటాయి. అమాబిలిస్, ఆఫ్రొడైటి, షిల్లెరియానా, స్టూఆర్టియానా, శాండెరియానా, ఫిలిప్పినెన్సిస్ ఇందులోవే. వృక్షశాస్త్రజ్ఞుడు బ్లూమ్ 1825లో ఈ ప్రజాతిని నెలకొల్పింది అమాబిలిస్ ఆధారంగానే. ఇండోనేషియా జాతీయ పుష్పాల్లో అదొకటి. తెల్లగా ఉన్న పువ్వు అమాబిలిసో ఆఫ్రొడైటో తెలియకపోతే పెదవి (మిగతావాటికి భిన్నమైన ఆకారంలో ఉండే మూడో లోపలి రేకు) మధ్య భాగం చూడండి. అది సన్నగా శిలువ ఆకారంలో ఉంటే అమాబిలిస్, త్రిభుజంలా ఉంటే ఆఫ్రొడైటి. ఆకు మీద వెండి, ముదురాకుపచ్చ చారలుండి అడుగున ఊదా రంగు కనిపిస్తే అది షిల్లెరియానాయో స్టూఆర్టియానాయో కావచ్చు, ఫిలిప్పినెన్సిస్ కూడా కావచ్చు. పూయని వయసులో ఆకును బట్టి ఈ మూడింటినీ విడదీయడం అనుభవజ్ఞుల వల్ల కూడా కాదు. ఆ వయసు మొక్కకు తగిలించిన పేరు చీటీని పువ్వు వచ్చేదాకా నమ్మకండి. పువ్వొచ్చాక షిల్లెరియానా గులాబీ రంగులో తేలుతుంది. స్టూఆర్టియానా తెల్లగా ఉండి, కింది రెండు బయటి రేకుల్లో సగం మేర ఎర్ర గోధుమ చుక్కలు చల్లినట్టుంటాయి. ఈక్వెస్ట్రిస్, లిండెనై కూడా ఈ గుంపువే, పువ్వు మాత్రం చిన్నది.

రెండోది నక్షత్ర పూల గుంపు. అయిదు రేకులూ ఇంచుమించు ఒకే కొలత, మందంగా మైనం పూసినట్టు ఉంటాయి. కాడ పొట్టి. ఒకటి రెండు పూలు పూసి, అవి రాలాక అదే కాడ కొస మళ్ళీ పెరిగి ఇంకొకటి ఇస్తుంది. వయొలేసియా, బెల్లినా, లూడెమానియానా, అంబాయినెన్సిస్, వెనోసా, జైగాంటియా, కార్ను-సర్వై, మాన్నియై ఇందులోకి వస్తాయి. అండమాన్, నికోబార్ దీవుల్లోనూ సుమత్రాలోనూ పెరిగే టెట్రాస్పిస్ కూడా ఇందులోదే. బెల్లినాను 1995 దాకా బోర్నియో వయొలేసియాగానే లెక్కవేశారు. బెల్లినా ఆకు వెడల్పు, పువ్వు పచ్చని మీగడ రంగు, కింది రెండు బయటి రేకుల లోపలి సగాల్లో మాత్రమే ఊదా. మలయా, సుమత్రాల వయొలేసియాలో ఊదా రంగు పువ్వంతా పరుచుకుంటుంది. కార్ను-సర్వైని పువ్వు లేకుండానే పట్టుకోవచ్చు. దాని కాడ చివర బల్లపరుపుగా ఉండి, రెండు వైపులా పళ్ళు తేలిన దుప్పి కొమ్ములా కనిపిస్తుంది.

మూడోది ఆకు రాల్చే గుంపు. పారిషై, లొబ్బియై, విల్సనై, లోవై, టీనియాలిస్ ఇందులోవి. హిమాలయాల తూర్పు కొండలు, మయన్మార్, థాయ్‌లాండ్, దక్షిణ చైనాల్లో వానాకాలం, పొడి కాలం స్పష్టంగా వేరుపడిన చోట్లవి. చిన్న మొక్కలు, రెండు మూడు ఆకులు, వాటితో పోలిస్తే విపరీతమైన వేళ్ళు. కొన్నింటి వేళ్ళు చదునుగా, పచ్చగా ఉండి ఆకులు లేని కాలంలో వాటి పనే చేస్తాయి. పెంచేవాళ్ళ చేతుల్లో ఎక్కువగా చచ్చిపోయేవి ఇవే. కారణం చలి కాదు, చలికాలంలో పోసే నీళ్ళు.

ఇక మిగిలినవి. పుల్కెరిమా గట్టి ఆకులు, నిటారు కాడతో రాళ్ళ మధ్య, ఇసుక నేల మీద పెరుగుతుంది. డెలిసియోసా ఆకు అంచులు అలలు తిరిగి ఉంటాయి, పువ్వు గోరంత. అది శ్రీలంక, భారత్ మొదలు సులవేసి దాకా ఉంది. పశ్చిమ కనుమల మైసోరెన్సిస్ కూడా చిన్నదే. వీటికి తోడు ఒకప్పుడు వేరే ప్రజాతులుగా ఉండి ఈ మధ్య ఫెలనాప్సిస్‌లో కలిపినవి ఉన్నాయి. పాత పేరుతో చీటీ ఉన్నంత మాత్రాన మొక్క తప్పుదని అనుకోనక్కర్లేదు.

మొక్క ఎంచుకోవడం

ఫెలనాప్సిస్ జాతులన్నీ సైటీస్ (అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. దేశం దాటాలంటే కాగితాలు తప్పవు. గాజు సీసాల్లో ప్రయోగశాల మొలకలకు ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది గనక అడవి జాతులు ఎక్కువగా సీసా మొలకలుగానే చేతులు మారతాయి. అడవి నుంచి పీకిన మొక్కకు గుర్తులుంటాయి. వేళ్ళు మొదట్లో తెగి ఉంటాయి, పాత ఆకుల మీద నాచు మరకలు, పురుగు తిన్న చిల్లులు, ఒకే జాతి మొక్కల్లోనే ఒక్కోటి ఒక్కో సైజు. అలాంటిది చవకగా వచ్చినా వద్దు. చట్టం అలా ఉంచితే, తెగిన వేళ్ళతో ఉన్న జైగాంటియా కోలుకోవడం బహు అరుదు.

చీటీ మీద ఏ రెండు మొక్కల్ని కలిపి విత్తనం తీశారో రాసి ఉంటే మంచిది. ఒకే జాతికి చెందిన రెండు వేర్వేరు మొక్కల సంతానం సాధారణంగా బలంగా ఉంటుంది. ఒకే మొక్కను దానితోనే కలిపితే కొన్ని మొలకలు నీరసంగా వస్తాయి.

సీసా మొలకల్ని బయటికి తీయడం

1. సీసా అందిన వెంటనే తెరవకండి. నేరుగా ఎండ తగలని వెలుగులో వారం ఉంచండి. ప్రయాణంలో లోపలి జిగురు (మొలకలు పెరిగే పోషక మాధ్యమం) చెదిరి మొలకల మీద పడి ఉంటే మాత్రం ఆ రోజే తీయాలి.
2. గోరువెచ్చని నీళ్ళు లోపలికి పోసి, మెల్లగా తిప్పుతూ మొలకల్ని వంపండి. వేళ్ళకు అంటిన జిగురు మొత్తం పోయేదాకా రెండు మూడుసార్లు కడగండి. అందులో చక్కెర ఉంటుంది, మిగిలిపోతే బూజు దాని మీదే మొదలవుతుంది.
3. పెద్దవి, మధ్యరకం, చిన్నవి వేరు చేయండి. కలిపి నాటితే పెద్దవి చిన్నవాటిని కప్పేస్తాయి.
4. నానబెట్టి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచుతో ఒక్కో మొలక వేళ్ళ చుట్టూ వదులుగా చుట్టి, 8 సెంటీమీటర్ల కుండీలో ఆరేడు చొప్పున సర్దండి. మొవ్వు నాచు పైనే ఉండాలి.
5. మూత ఉన్న పారదర్శక డబ్బాలో 80 శాతం పైన తేమ, 24 నుంచి 28 డిగ్రీల వేడి, 3 నుంచి 5 వేల లక్స్ వెలుగు ఇవ్వండి. రెండో వారం నుంచి మూత రోజూ కొంచెం కొంచెం తెరుస్తూ, నాలుగో వారానికి తీసేయండి.
6. కొత్త వేరు కొస కనిపించాకే ఎరువు. మామూలు మోతాదులో సగం చాలు.

ఈక్వెస్ట్రిస్ అందరికన్నా ముందు పూస్తుంది. జైగాంటియాకు ఏళ్ళకేళ్ళు ఓపిక పట్టాలి, అది దాని నైజం.

వెలుగు, వేడి

వెడల్పు రేకుల గుంపుకు 10 నుంచి 15 వేల లక్స్ సరిపోతుంది. వయొలేసియా, బెల్లినా ఇంకా నీడ కోరతాయి, 8 నుంచి 10 వేలు చాలు. కార్ను-సర్వై, పుల్కెరిమాలకు 15 నుంచి 20 వేలు కావాలి, నీడలో అవి ఆకులు పెంచుకుంటాయి తప్ప పూయవు. కొలిచే పరికరం లేకపోతే ఆకును చూడండి. ముదురాకుపచ్చగా, పొడుగ్గా వేలాడితే వెలుగు తక్కువ. అంచులు ఎర్రబారితే హద్దుకు వచ్చింది. పసుపు తిరిగి తెల్లమచ్చ పడితే కాలింది, ఆ మచ్చ ఇక పోదు. ఆకును చేత్తో తాకితే గాలి కన్నా వెచ్చగా తగలకూడదు.

వేడి సంగతిలో గుంపుల మధ్య తేడా పెద్దది. వెడల్పు రేకులవాటికి పగలు 25 నుంచి 29 డిగ్రీలు, రాత్రి 18 వరకు దిగవచ్చు. నక్షత్ర పూలవాటికి రాత్రి కూడా 20 పైన ఉంటే మేలు. వీటిలో మాన్నియై కొండల మొక్క గనక చల్లదనాన్ని ఓర్చుకుంటుంది. లిండెనై ఫిలిప్పీన్స్‌లోని లుజాన్ కొండ అడవులది, వేడిగా ఉండే చోట నెమ్మదిగా కుంగిపోతుంది. రాత్రి 15, 16కి దించలేని చోట దాన్ని తెచ్చుకోకపోవడమే నయం. ఆకు రాల్చేవాటికి చలికాలపు రాత్రి 10 నుంచి 12 డిగ్రీలు సమస్య కాదు, మొక్క పొడిగా ఉన్నంతవరకు.

కుండీనా, చెక్కా

కాడలు బాగా వంగే పెద్ద పూల జాతులు కుండీలో సౌకర్యంగా ఉంటాయి. ఆకు వేలాడే జైగాంటియా, మొవ్వులో నీరు నిలిస్తే తట్టుకోలేని బెల్లినా, చిన్న ఆకు రాల్చే జాతులు చెక్క మీదో వాలుగా వేలాడే బుట్టలోనో మేలు. అడవిలో ఈ మొక్కలు మానుకు పక్కగా, మొవ్వు కిందికి వాలి పెరుగుతాయి. వాన నీరు ఆకు కొస మీదుగా జారిపోతుంది. కుండీలో నిటారుగా నిలబెట్టడమంటే ఆ ఏర్పాటు తలకిందులు చేయడమే.

కుండీ మిశ్రమానికి 1 నుంచి 2 సెంటీమీటర్ల పైన్ బెరడు 5 పాళ్ళు, బొగ్గు ముక్కలు 1 పాలు, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళ్ళు) 1 పాలు. బెరడు దొరక్క కొబ్బరి డొక్క ముక్కలు వాడితే ముందు రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టండి. వాటిలో సోడియం, పొటాషియం లవణాలు పేరుకుని ఉంటాయి, కడగకుండా వాడితే వేరు కొసలు నల్లబడతాయి. పుల్కెరిమాకు మిశ్రమంలో మూడో వంతు సన్న కంకర కలపవచ్చు.

కుండీ మార్చడానికి అదను పూత అయిపోయి, కొత్త వేళ్ళ పచ్చని కొసలు కనిపించే వేళ. వేళ్ళను అరగంట నానబెడితే మెత్తబడి విరగవు. పాత మిశ్రమం దులిపి, ఒక్కో వేరును చేతి వేళ్ళతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఉంచాలి, గోధుమ రంగులో బోలుగా నలిగితే కోయాలి. కత్తెరను ప్రతి మొక్కకూ మంటలో కాల్చాలి, ఎందుకంటే వైరస్ ఎక్కువగా కోత పనిముట్ల ద్వారా పాకుతుంది. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దవచ్చు. బాగున్న వేళ్ళ మీద మాత్రం పడనివ్వకండి, అది తడిని పీల్చి వాటిని ఎండబెడుతుంది. కొత్త కుండీ వేళ్ళ ముద్దకన్నా 1, 2 సెంటీమీటర్లే పెద్దదిగా ఉండాలి. పెద్ద కుండీ మధ్యలో తడి ఆరదు, కుళ్ళు అక్కడే మొదలవుతుంది. నాటాక నాలుగైదు రోజులు నీళ్ళు ఆపితే గాయాలు మానుతాయి.

చెక్కకు కట్టేటప్పుడు కార్క్ బెరడో గట్టి కలపో తీసుకోండి. రసాయనం పూసిన చెక్క పనికిరాదు. పలచని నాచు పొర పరిచి, మొవ్వు పక్కకో కిందికో చూసేలా మొక్కను ఆనించి, వేళ్ళను విప్పి, చేపల గాలం దారంతో కట్టండి. మొక్క అటూ ఇటూ కదిలితే కొత్త వేరు కొస రాసుకుపోయి ఆగిపోతుంది గనక బిగువుగా ఉండాలి. వేళ్ళు పట్టు దొరకబుచ్చుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది. అప్పుడు దారం తీసేయవచ్చు. పాతుకుపోయిన వేరును చెక్క నుంచి ఊడదీయడం కుదరదు, చదును వేళ్ళ షిల్లెరియానాలో మరీను. కాబట్టి చెక్క పాడైతే దాన్ని అలాగే కొత్త చెక్కకు కట్టేయండి.

నీళ్ళు, ఎరువు

వేరు మీది పొర ఎండినప్పుడు వెండి రంగులో, తడిసినప్పుడు పచ్చగా కనిపిస్తుంది. కుండీ లోపలి వేళ్ళు వెండి రంగుకు తిరిగాక మరుసటి రోజు నీళ్ళు పోయడం వెడల్పు రేకుల గుంపుకు సరైన లెక్క. బెల్లినా, వయొలేసియాలకు ఆ మరుసటి రోజు దాకా ఆగకండి. చెక్క మీదివాటికి వేసవిలో రోజూ, ఒక్కోసారి రెండుపూటలా కావాలి.

ఈ మొక్కల్లో చాలావాటి ఆకు రంధ్రాలు రాత్రి తెరుచుకుంటాయి, పగలు మూసుకుంటాయి. 2014లో ఈక్వెస్ట్రిస్ జన్యుక్రమం వెలువడినప్పుడు, ఈ పద్ధతిలో బతికే మొక్కల్లో అలా చదివిన మొదటిది అదే. రాత్రికి ఆకు మీద నీటి పొర ఉంటే గాలి మార్పిడికి అడ్డు, బాక్టీరియాకు ఆసరా. ఉదయమే నీళ్ళు పోయండి. మొవ్వులో నిలిచిన చుక్కను కాగితంతో అద్దేయండి.

నీళ్ళు వాన నీరో శుద్ధి చేసినవో అయి, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) 100 లోపు ఉంటే మంచిది. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య. ఎరువు 20-20-20 రకమైతే (నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 20 శాతం) లీటరుకు అర గ్రాము, అంటే నత్రజని 100 పీపీఎం (పది లక్షల్లో 100 పాళ్ళు). పెరిగే కాలంలో వారానికోసారి. నెలకోసారి కుండీ పరిమాణానికి మూడింతల వట్టి నీళ్ళు పోసి పేరుకున్న లవణాన్ని కడిగేయాలి. శుద్ధి చేసిన నీళ్ళే వాడేవాళ్ళు కాల్షియం, మెగ్నీషియం ఉన్న ఎరువు ఎంచుకోవాలి, లేకపోతే లేత ఆకు కొస నల్లబడుతుంది.

ఆకు రాల్చేవాటి పొడి కాలం

రాత్రులు చల్లబడి, కింది ఆకు పసుపు తిరుగుతుంటే నీళ్ళు తగ్గించే వేళైనట్టు. మూడు వారాల్లో మెల్లగా తగ్గించి, ఎరువు పూర్తిగా ఆపండి. ఆ తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు తెల్లవారుజామున మంచులా పలచని నీటి జల్లు కొట్టి, మధ్యాహ్నానికి ఆరనివ్వండి. వేరు ముడతలు పడనంత తడి చాలు. ఆకులన్నీ పోయినా కంగారుపడి నీళ్ళు పోయొద్దు, వేరు గట్టిగా ఉంటే మొక్క ప్రాణంతో ఉన్నట్టే. పూల కాడ చాలాసార్లు ఆకులకన్నా ముందే వస్తుంది. కొత్త వేరు కొసలు పచ్చగా సాగినప్పుడు నీళ్ళు పెంచండి. అంతకుముందు కాదు.

పూయించడం

అమాబిలిస్ వంటివాటికి పగటి వేడి 25 డిగ్రీల లోపు మూడు నాలుగు వారాలు ఉంటే కాడ వస్తుంది. ఏడాది పొడవునా 28 దాటి ఉండే చోట మొక్క ఆకులేస్తూనే పోతుంది. కాడ కనిపించినప్పటి నుంచి పువ్వుకు సుమారు మూడు నెలలు. ఈలోగా వేడి హఠాత్తుగా పెరిగితే కాడ కొస మొగ్గకు బదులు పిలక కావచ్చు. నక్షత్ర పూలవాటికి ఈ చల్లని విడత అక్కర్లేదు, వెచ్చని నెలల్లోనే పూస్తాయి.

కాడ కోయడంలో ఎక్కువమంది పొరపడతారు. కార్ను-సర్వై, వయొలేసియా, బెల్లినా, లూడెమానియానాల కాడ పచ్చగా ఉన్నంతకాలం కోయకండి, ఏళ్ళ తరబడి దాని నుంచే పూలు వస్తాయి. అమాబిలిస్, షిల్లెరియానాలకు మొక్క బలంగా ఉంటే కింది నుంచి మూడో కణుపు పైన కోస్తే పక్క కాడ రావచ్చు. నీరసంగా ఉంటే మొదలంటా తీసేయండి. కాడ మీద జిగురు బిందువులు కనిపిస్తే ముందు పురుగు ఉందేమో చూడండి. లేకపోతే అది మొక్క స్వయంగా స్రవించే తేనె, మందు కొట్టే పని లేదు.

మొగ్గలు పసుపు తిరిగి రాలిపోతుంటే చోటు మార్చడం, వేళ్ళు ఎండిపోవడం, లేదా పక్కనే మాగుతున్న పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు కారణం.

ఏది ఎలా చెడుతుంది

ఫెలనాప్సిస్ ఒకే మొవ్వుతో పైకి పెరిగే మొక్క. అందుకే మొవ్వు కుళ్ళు అంత ప్రమాదం. నడిమి ఆకు లాగితే ఊడివస్తే మొవ్వు పోయినట్టే. కుళ్ళిన భాగం తీసి, పొడిగా, వాలుగా పెట్టండి. వేళ్ళు బాగుంటే మొదట్లో పిలక రావచ్చు.

ఆకు మీద నీటి పొక్కులా మొదలై, నల్లబడి, చుట్టూ పసుపు వలయం కడితే అది బాక్టీరియా మచ్చ. వేడి, తడి, గాలి ఆడకపోవడం కలిస్తే రెండు రోజుల్లో మొవ్వుకు చేరుతుంది. మచ్చకు 2 సెంటీమీటర్ల అవతల కోసి, మొక్కను వేరు చేసి, ఫ్యాను గాలి పెట్టండి. మెత్తబడి దుర్వాసన వస్తే అది ఇంకా వేగంగా పాకే మెత్తకుళ్ళు, ఆకు మొత్తం తీసేయాలి. రాగి మందు పూలను, లేత వేళ్ళను కాలుస్తుంది గనక ముందు ఒక ఆకు మీద చూడండి.

ఆకులు ముడతపడి వేలాడితే నీళ్ళు చాలక అనుకుని ఇంకా పోస్తారు. వేళ్ళు కుళ్ళినా ఇదే లక్షణం. కుండీ నుంచి తీసి చూడకుండా నిర్ణయించకండి.

పిండినల్లి ఆకు మొదళ్ళలో, కాడ పొలుసుల కింద దాక్కుంటుంది. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో తుడిచి, వారం వారం మూడుసార్లు చేయాలి. ఒక్కసారితో గుడ్లు పోవు. ఆకు అడుగున వెండి రంగు గరుకు కనిపించి, సాలెగూడు లేకపోతే చదును నల్లి పని అది. చారల ఆకుల జాతుల్లో దీన్ని ఆకు రంగే అనుకుని వదిలేయడం జరుగుతుంది, కాబట్టి భూతద్దంతో అడుగువైపు చూడాలి.

పిలకలు, విత్తనం

ఈక్వెస్ట్రిస్, లూడెమానియానా కాడల మీద పిలకలు తేలిగ్గా వేస్తాయి. 5 సెంటీమీటర్ల వేళ్ళు మూడు వచ్చాక కాడ ముక్కతో సహా కోసి నాటండి. పిలక తల్లి మొక్కకు అచ్చు నకలు.

విత్తనానికి, పువ్వు విచ్చిన నాలుగైదు రోజులకు, పుల్లతో స్తంభం (పువ్వు నడుమ కేసరం, కీలం కలిసిపోయిన భాగం) కొస మీది టోపీని ఎత్తితే పసుపు పుప్పొడి ముద్దలు జిగురుతో అంటుకు వస్తాయి. వాటిని అదే జాతికి చెందిన ఇంకో మొక్క పువ్వులో, స్తంభం కింది జిగట గుంటలో పెట్టండి. పుప్పొడి పెట్టాక అమాబిలిస్ పువ్వు కొద్ది రోజుల్లో వాడుతుంది. వయొలేసియా, లూడెమానియానా రేకులు మాత్రం వాడకుండా పచ్చబడి, ఆకుల్లా పనిచేస్తూ కాయను పోషిస్తాయి. అమాబిలిస్ కాయ నాలుగైదు నెలలకు కోతకు వస్తుంది. పగలకముందే, పచ్చిగా ఉండగానే ప్రయోగశాలకు పంపాలి, పగిలిన కాయలో విత్తనాన్ని శుభ్రపరచడం కష్టం. ఈ విత్తనంలో పోషక నిల్వ ఉండదు. అడవిలో శిలీంధ్రం సాయంతో మొలుస్తుంది. చక్కెర కలిపిన మాధ్యమంలో శిలీంధ్రం లేకుండానే మొలిపించవచ్చని అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు నడ్సన్ 1922లో చూపించాక సీసా పెంపకం సాధ్యమైంది.

కాయకు కట్టే చీటీ మీద తల్లి మొక్క, తండ్రి మొక్క, తేదీ, రెండింటి మూలస్థానం తెలిస్తే అదీ రాయండి. మలయా వయొలేసియాను సుమత్రా దానితో కలిపినా, రాసి ఉంటే నష్టం లేదు. రాయకపోతే ఆ సంతానం జాతి నికరమైనదో కాదో తర్వాత ఎవరూ తేల్చలేరు.